స్టేషన్ వైఫై అంటే భయం, ఇంటి వైఫైకి ఫోన్ నంబరే తాళం

నెల్లూరులోనో ఒంగోలులోనో ఏ వీధిలో తలెత్తి చూసినా కరెంటు తీగల కింద నల్లటి సన్న వైర్లు వేలాడుతూ కనిపిస్తాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇస్తామన్నారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం వల్లే అంత తక్కువ ఖర్చులో పల్లెలకు చేరగలిగింది. తర్వాత ప్రైవేటు కంపెనీల తీగలూ వచ్చి చేరాయి. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసు మొదలుకొని ముత్తుకూరు రొయ్యల గుంటల పక్కన కాపలా షెడ్డు దాకా గోడకు ఒక వైఫై పెట్టె (రూటర్) ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు.

ఆ పెట్టె బిగించిన రోజు సర్వీసు అబ్బాయి అడుగుతాడు: "అన్నా, పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు?" ఎక్కువ ఇళ్లలో వినిపించే జవాబు: "నా ఫోన్ నంబరు పెట్టేయ్ నాయనా, గుర్తుంటుంది." అడగకుండానే నంబరు పెట్టేసి వెళ్లేవాళ్లూ ఉంటారు. ఇంటి వైఫై భద్రత చాలామందికి ఆ రెండు ముక్కలతోనే అయిపోతుంది. మళ్లీ ఆ పెట్టె వైపు చూసేది ఎర్ర లైటు వెలిగినప్పుడే.

అదే మనిషి రైల్వే స్టేషన్లో ఉచిత వైఫై కనిపిస్తే మాత్రం జంకుతాడు. "దానికి కనెక్ట్ అయితే బ్యాంకులో డబ్బులు పోతాయంట" అని పక్కవాళ్లకూ చెబుతాడు. ఆ జాగ్రత్త మంచిదే. కానీ పదేళ్ల కిందటితో పోలిస్తే స్టేషన్ వైఫై ప్రమాదం బాగా తగ్గింది, ఇంట్లో వైఫై పెట్టెకు తగిలించే వస్తువులు బాగా పెరిగాయి. ఈ వ్యాసం ఎక్కువభాగం ఇంటి గురించే మాట్లాడటానికి కారణం అదే.

ముందు ఫోన్ నంబరు లెక్క చూద్దాం. మన మొబైల్ నంబరులో పది అంకెలుంటాయి. మొదటి అంకె 6, 7, 8, 9లలో ఒకటి. మిగిలిన తొమ్మిదీ ఏవైనా కావచ్చు. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు. వినడానికి పెద్ద సంఖ్యే. అయితే వైఫై పాస్‌వర్డ్‌ను ఊహించేవాడు ఇంటి ముందు నిలబడి ఒక్కొక్కటీ కొట్టి చూడడు. ఫోను వైఫైకి కలిసే క్షణంలో పెట్టెకూ ఫోనుకూ మధ్య నాలుగు చిన్న సందేశాలు నడుస్తాయి. పాస్‌వర్డ్ వాటిలో నేరుగా ఉండదు కానీ, దాని నుంచి పుట్టిన గుర్తు ఉంటుంది. గాలిలో పోయే ఆ సందేశాలను పక్క మిద్దె మీద కూర్చున్నా పట్టుకోవచ్చు. పట్టుకున్నవాడు వాటిని తీసుకెళ్లి తన కంప్యూటరులో తీరిగ్గా ఊహలు మొదలుపెడతాడు. ఏటీఎం అయితే మూడుసార్లు తప్పు కొట్టగానే కార్డు ఆగిపోతుంది. ఇక్కడ కోట్లసార్లు తప్పు కొట్టినా మన పెట్టెకు కబురైనా అందదు.

మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఒక్క కంప్యూటరు ఈ రకం ఊహలను సెకనుకు 10 లక్షల దాకా చేయగలదు. 400 కోట్లను 10 లక్షలతో భాగిస్తే 4,000 సెకన్లు. గంటా ఏడు నిమిషాల్లో మన దేశంలో ఉండగల మొబైల్ నంబర్లన్నీ అయిపోతాయి. అంత కష్టం కూడా అవసరం లేదు. ఇంటాయన నంబరు అంగడి బోర్డు మీద ఉంటుంది, ఆటో వెనక ఉంటుంది, శుభలేఖ చివర ఉంటుంది. పైగా వైఫైకి ఆయన పేరే పెట్టి ఉంటుంది. ఎవరి ఇంటిదో పేరే చెబుతోంది, తాళంచెవి ఏదో ఊరంతా తెలుసు.

దీనికి మందు చాలా చవక. ఒకదానికొకటి పొంతన లేని వాడుక మాటలు నాలుగైదు తీసుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా రాయడమే. "నెల్లూరు చేపల పులుసు" పనికిరాదు, ఈ జిల్లాలో ఎవరైనా ముందు ఊహించేది అదే. దేవుడి పేరు, పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం కూడా వద్దు. అటక, గోంగూర, రంపం, పడవ లాంటి తలాతోకా లేని వరస కావాలి (ఇక్కడ అచ్చైన ఈ నాలుగూ ఎవరూ పెట్టుకోకూడదు, చెప్పనక్కర్లేదు). 5,000 మాటల జాబితాలోంచి కళ్లు మూసుకుని నాలుగు ఏరితే వచ్చే వరసలు 625 లక్షల కోట్లు. అదే కంప్యూటరుకు అవన్నీ చూడటానికి దాదాపు 20 ఏళ్లు పడుతుంది. ఐదో మాట చేరిస్తే ఆ 20 ఏళ్లూ లక్ష ఏళ్ల దగ్గరికి పోతాయి. వైఫై పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు కాబట్టి చోటుకు కొదవ లేదు. అమ్మమ్మకు కూడా గుర్తుండే తాళం ఇది. ఒకసారి ఫోనులో కొడితే మళ్లీ కొట్టే పని కూడా ఉండదు.

తాళం ఎంత మంచిదైనా అది పట్టే తలుపు గట్టిదవ్వాలి. వైఫై పుట్టిన తొలినాళ్లలో, 1997లో, దానికి డబ్ల్యూఈపీ అనే రక్షణ ఇచ్చారు. 2001కే అందులో లోపం బయటపడింది. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు దాన్ని ఒక నిమిషంలోపే ఛేదించి చూపించారు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 ఇప్పటికీ మన ఇళ్లలో ఎక్కువగా నడుస్తోంది, మంచి పాస్‌వర్డ్ ఉంటే అది చాలు. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. పైన చెప్పిన తీరిక ఊహలకు అడ్డుకట్ట వేయడం దాని పెద్ద గుణం: సందేశాలు పట్టుకుపోయి ఇంట్లో కూర్చుని ఊహిస్తే ఫలితం రాదు, ప్రతి ప్రయత్నానికీ పెట్టెనే అడగాలి. కొత్త పెట్టెల సెట్టింగ్స్‌లో రెండూ కలిపి నడిపే వీలుంటుంది. పాత ఫోన్లున్న ఇంటికి అది సరిపోతుంది.

చాలా పెట్టెల మీద డబ్ల్యూపీఎస్ అని రాసిన ఒక బటన్ ఉంటుంది. పాస్‌వర్డ్ కొట్టకుండా కలుపుకోవడానికి ఆ సదుపాయం పెట్టారు. దానికి తోడుగా 8 అంకెల పిన్ ఒకటి ఉంటుంది. 2011లో ఆస్ట్రియాకు చెందిన పరిశోధకుడు స్టెఫాన్ ఫీబెక్ ఒక సంగతి బయటపెట్టాడు. పెట్టె ఆ 8 అంకెలనూ ఒకేసారి సరిచూడదు, ముందు నాలుగు, తర్వాత మిగిలినవి చూస్తుంది. చివరి అంకె ముందున్న ఏడింటి నుంచి లెక్కగట్టేదే. అందుకని కోటి ప్రయత్నాలు కావాల్సిన చోట 10,000, మరో 1,000, మొత్తం 11,000 చాలు. కొన్ని గంటల పని. తర్వాత వచ్చిన పెట్టెలు తప్పు పిన్ పదేపదే కొడితే ఆగిపోయేలా మార్చారు కానీ, వాడని సదుపాయాన్ని ఆపేయడం కంటే తేలిక ఏముంది?

ఎవరో మన వైఫైలోకి వస్తే ఏమవుతుంది, కాస్త డేటానే కదా పోయేది అనుకునేవాళ్లు చాలామంది. నెల ప్యాకేజీలో డేటాకు కొరత లేదు కాబట్టి ఆ మాట సబబుగానే అనిపిస్తుంది. కానీ ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ లోపల ఎన్ని ఉన్నా, బయటి ఇంటర్నెట్‌కు ఇంటి మొత్తానికి కనిపించే చిరునామా ఒక్కటే. ఆ చిరునామా ఎవరి పేరు మీద ఉందో నెట్ కంపెనీ దగ్గర రాసి ఉంటుంది. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు ఒక ఈమెయిల్ వెళ్లింది. దాని జాడ పట్టుకుని దర్యాప్తు అధికారులు నవీ ముంబైలో ఒక అమెరికా పౌరుడి ఇంటికి చేరారు. ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారని తేలేదాకా ఆ కుటుంబం అనుమానం నీడలోనే గడిపింది. 2009లో టెలికం శాఖ వైఫై భద్రతపై ఇంటర్నెట్ సంస్థలకు ప్రత్యేకంగా సూచనలు ఇవ్వడానికి 2008 నాటి ఆ అనుభవాలే కారణం. పక్కింటి పిల్లాడి వల్ల అంత పని జరగకపోవచ్చు. కానీ ఆ పిల్లాడి ఫోను నుంచి పాస్‌వర్డ్ ఎక్కడికి పోతుందన్నదే అసలు చిక్కు.

మన ఊళ్లలో ఇది సున్నితమైన విషయం. "అక్కా, మా వాడికి ఆన్‌లైన్ క్లాసుంది, కాస్త వైఫై పాస్‌వర్డ్ చెప్పవా" అంటే లేదనడానికి నోరు రాదు. కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకునే ఇళ్ల మధ్య అంకెలు దాచుకోవడం ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే లేదనమని ఇక్కడ ఎవరికీ చెప్పడం లేదు. ఇప్పటి పెట్టెల్లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది: అదే పెట్టె నుంచి వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో ఇంకో వైఫై. దానికి కలిసినవాళ్లకు ఇంటర్నెట్ వస్తుంది. ఇంట్లో టీవీ, ప్రింటరు, కెమెరా, కంప్యూటరు మాత్రం కనిపించవు. బయటికి వెళ్లే చిరునామా అప్పుడూ ఒక్కటే కాబట్టి తెలిసినవాళ్లకే ఇవ్వాలి. పిల్లాడి పరీక్షలయ్యాక ఆ ఒక్క పాస్‌వర్డ్ మార్చేస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు. దుకాణంలో, టిఫిన్ హోటల్లో, లాడ్జిలో వచ్చేపోయేవాళ్లకు వైఫై ఇచ్చేవాళ్లయితే ఇది తప్పనిసరిగా చేయాల్సిన పని. బిల్లింగ్ కంప్యూటరూ కస్టమర్ ఫోనూ ఒకే వైఫైలో ఉండటమంటే గల్లాపెట్టెను వరండాలో పెట్టుకోవడమే.

ఫోన్లలో "చుట్టుపక్కల వైఫై పాస్‌వర్డ్‌లు చూపిస్తాం" అనే యాప్‌లు ఉంటాయి. అవి ఫోనులో దాచిన పాస్‌వర్డ్‌లను పైకి తీసుకుపోయి అందరికీ పంచే రకం. 2019లో అలాంటి ఒక యాప్ దగ్గరున్న 20 లక్షలకు పైగా వైఫైల పాస్‌వర్డ్‌లు రక్షణ లేకుండా ఇంటర్నెట్‌లో దొరికాయి. వాటిలో ఇళ్లవీ చాలా ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లలో యాప్ వేసుకోనివాళ్లూ ఉండొచ్చు. ఒక్క చుట్టం ఫోనులో ఉంటే చాలు.

వైఫై పాస్‌వర్డ్ వేరు, పెట్టె లోపలి సెట్టింగ్స్‌లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరు. ఈ రెండోది ఉందని చాలామందికి తెలియదు. బ్రౌజరులో 192.168.1.1 అనో, పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉన్న అంకెలో కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. ఎన్నో పెట్టెల్లో దాని యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. వైఫైలోకి వచ్చినవాడు ఈ పేజీలోకి కూడా వస్తే ఇక ఇల్లు వాడిదే. మనం బ్యాంకు పేరు కొడితే ఎక్కడికి వెళ్లాలో చెప్పే డీఎన్ఎస్ అమరికను మార్చి, దొంగ పేజీకి మళ్లించగలడు. బ్రౌజరు హెచ్చరిక చూపిస్తుంది, కానీ హెచ్చరికను దాటి ముందుకు నొక్కే అలవాటు మనకు గట్టిగా ఉంది.

రొయ్యల గుంటల దగ్గర సీసీ కెమెరాలు పెట్టుకునే రైతులకు ఈ సంగతి మరీ ముఖ్యం. రాత్రి ఏరేటర్లు ఆగాయేమో, గట్టు మీద ఎవరైనా తిరుగుతున్నారేమో ఇంట్లోంచే ఫోనులో చూసుకోవడం నిజంగా అక్కరకొచ్చే సదుపాయం. ఆ కెమెరాకూ, దాని రికార్డరుకూ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉంచేస్తే, గట్టు చూసేది మనమొక్కళ్లమే కాదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతటా తిరిగి కంపెనీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రికార్డర్లను, రూటర్లను లక్షల్లో వశం చేసుకుంది. అది పెద్ద విద్యలేమీ ప్రయోగించలేదు. అరవై చిల్లర యూజర్ పేరు, పాస్‌వర్డ్ జతల జాబితా దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ కొట్టి చూసింది, అంతే. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పరికరాలు పెద్ద సంఖ్యలో ఒక్కసారిగా, ఎన్నో సైట్లకు డీఎన్ఎస్ సేవ ఇచ్చే ఒకే కంపెనీ మీద పడటంతో అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి నిలిచిపోయాయి. కెమెరా యజమానుల్లో చాలామందికి తమ కెమెరా ఆ పనిలో ఉందని తెలియనే లేదు.

రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌కు కూడా అప్‌డేట్లు వస్తాయి. 2017 అక్టోబరులో డబ్ల్యూపీఏ2లోనే క్రాక్ అనే లోపం బయటపడినప్పుడు ఫోన్లు అప్‌డేట్ అయ్యాయి. ఏళ్ల తరబడి గోడకు వేలాడుతున్న పెట్టెల సంగతి అడిగినవాడు లేడు. కంపెనీ ఇచ్చిన పెట్టె అయితే అప్‌డేట్ వాళ్లే పంపాలి కాబట్టి వాళ్లనే అడగాలి. మరీ పాతదైపోతే మార్చివ్వమని గట్టిగా అడిగే హక్కు నెల నెలా బిల్లు కట్టేవాళ్లకు ఉంది.

ఇక బయటి వైఫై. నెల్లూరు, ఒంగోలు లాంటి స్టేషన్లలో రైల్‌టెల్ సంస్థ రైల్‌వైర్ పేరుతో ఇస్తున్న వైఫై రోజుకు మొదటి అరగంట ఉచితం. ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితే నెట్ తెరుచుకుంటుంది. ఇలాంటి వైఫైకి తాళం ఉండదు, పోయే సమాచారం గాలిలో బాహాటంగానే పోతుంది. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాం వచ్చినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. అదే వైఫైలో కూర్చున్న వాళ్ల ఫేస్‌బుక్ ఖాతాలను రెండు నొక్కుల్లో చేతికిచ్చేది. మన పెద్దవాళ్లు చెప్పే భయాలన్నీ ఆ కాలానివే, అప్పటికి అవి నిజమే కూడా. ఆ దెబ్బతోనే సైట్లు ఒక్కొక్కటీ, సమాచారాన్ని రహస్య రూపంలో పంపే హెచ్‌టీటీపీఎస్‌కు మారాయి. 2018 నుంచి క్రోమ్ బ్రౌజరు ఆ రక్షణ లేని ప్రతి సైటునూ సురక్షితం కాదని చూపిస్తోంది. ఇప్పుడు వైఫై గాలిని ఎవరైనా పట్టినా, మనం ఏ సైటుకు వెళ్లామో కొంత తెలుస్తుంది కానీ అక్కడ ఏం రాశామో తెలియదు. యూపీఐ యాప్‌లో కొట్టే పిన్ ఫోను దాటకముందే రహస్య రూపంలోకి మారిపోతుంది.

గోడ మీద పాస్‌వర్డ్ రాసిపెట్టిన కాఫీ షాపు వైఫై కూడా స్టేషన్ వైఫై కంటే పెద్దగా మెరుగు కాదన్నది చాలామంది గమనించని విషయం. డబ్ల్యూపీఏ2లో ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు, పక్క టేబుల్ ఫోను కలిసిన క్షణాన్ని పట్టుకుంటే దాని సమాచారాన్ని విప్పగలడు. అక్కడ కాపాడేది షాపు పాస్‌వర్డ్ కాదు, సైటు వాడే హెచ్‌టీటీపీఎస్.

మరి ప్రమాదం ఎక్కడ మిగిలింది? మన చేత మనమే చేయించే పనిలో. నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండుగకు లక్షల మంది చేరతారు. అలాంటి జనంలో ఎవడైనా ఒక ఫోను జేబులో పెట్టుకుని హాట్‌స్పాట్‌కు ఉచిత వైఫై అనే పేరో, స్టేషన్ వైఫై పేరో పెట్టొచ్చు. వైఫై పేరుకు రిజిస్ట్రేషన్ ఏమీ లేదు, ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఒకప్పుడు ఆ పేరున్న తాళం లేని వైఫైకి కలిసిన ఫోను, మళ్లీ అదే పేరు కనిపిస్తే తనంతట తానే కలిసిపోగలదు. కలిశాక వచ్చే పేజీలోనే అసలు ఉచ్చు. నిజమైన పేజీ ఫోన్ నంబరు, ఓటీపీ అడుగుతుంది. కార్డు నంబరు, యూపీఐ పిన్, ఆధార్ అడిగినా, "ముందు ఈ యాప్ వేసుకోండి" అని ఏపీకే ఫైలు దింపమన్నా, జీమెయిల్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వమన్నా అక్కడే ఆపి వైఫై కట్టేయాలి. ఓటీపీ మెసేజ్‌లో ఎవరి పేరుందో కూడా చదవాలి. వైఫై కోసం అడిగితే బ్యాంకు నుంచో వాట్సాప్ నుంచో ఓటీపీ వచ్చిందంటే, ఆ నంబరుతో అవతల ఎవడో ఇంకో తలుపు తడుతున్నాడు. బ్రౌజరులో తాళం గుర్తు ఉంది కదా అని నమ్మడానికీ లేదు. దొంగ సైటుకూ ఆ తాళం ఉచితంగానే దొరుకుతుంది. జనం దాన్ని నిజాయితీకి గుర్తుగా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మనే తీసేసింది.

పని అయిపోయాక ఆ వైఫైని ఫోనులోంచి ఫర్గెట్ కొట్టడం, బయటి వైఫైకి ఆటో కనెక్ట్ ఆపి ఉంచడం, డబ్బు లావాదేవీ ఉంటే ఆ రెండు నిమిషాలు సొంత డేటాకు మారడం చాలు. ఉచిత వీపీఎన్ యాప్ వేసుకోవడం మేలని కొందరు సలహా ఇస్తారు. మన సమాచారమంతా ముక్కూమొహం తెలియని ఆ యాప్ కంపెనీ గుండా పోతుంది కాబట్టి, స్టేషన్ వైఫై కంటే అది నమ్మదగిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంత జాగ్రత్తపడ్డా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెబితే డబ్బు చేతులు మారకముందే ఆపించే అవకాశం ఎక్కువ. ఎవరేమనుకుంటారోనని ఒక రాత్రి ఆగితే ఆ అవకాశం జారిపోతుంది.

ఇల్లు సరిచేసుకున్నాక కూడా ఈ తీరంలో ఒక చిక్కు మిగులుతుంది. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలా గాలి కొడితే స్తంభాలు ఒరుగుతాయి, వాటితోపాటు ఫైబరు తెగుతుంది. నాలుగు రోజులు నెట్ ఉండదు. సర్వీసు అబ్బాయి వానలో తడుస్తూ వచ్చి, వైరు అతికించి, పెట్టె వెనక చిన్న రంధ్రంలో సూది గుచ్చి రీసెట్ చేస్తాడు. అతని మీద అప్పటికే యాభై ఫిర్యాదులుంటాయి, అతని తొందరను తప్పు పట్టలేం. కానీ ఆ సూదితో మనం పెట్టుకున్న మాటల తాళం, మార్చిన అడ్మిన్ పాస్‌వర్డ్, గెస్ట్ నెట్‌వర్క్, ఆపేసిన డబ్ల్యూపీఎస్ అన్నీ చెరిగిపోయి పెట్టె కొన్ననాటికి వెళ్లిపోతుంది. నెట్ వచ్చిన సంతోషంలో ఎవరూ గమనించరు. అందుకని అతను బండి తీయకముందే ఫోనులో వైఫై జాబితా చూడాలి. మన పాత పేరుకు ఫోను తనంతట తానే కలిస్తే అన్నీ అలాగే ఉన్నట్టు. కంపెనీ పేరు, పక్కన నాలుగు అంకెలతో కొత్త పేరు కనిపించినా, "మీ నంబరే పెట్టానన్నా" అని అతను చెప్పినా, కాఫీ ఇచ్చి ఇంకో ఐదు నిమిషాలు కూర్చోబెట్టి పాత అమరికంతా అతని చేతే పెట్టించుకోవాలి.